మీ ఊరి కొండ మీద ఏ రకం అడవి ఉందో తేల్చుకోవడం ఎలా

మన వైపు ఏ ఊళ్లోనైనా దగ్గర్లో కనిపించే కొండని చూపించి అక్కడేముందని అడిగితే ఒకటే జవాబు వస్తుంది: "ఏటుంటాదండి, తుప్పలు." ఎస్.కోటలో అడిగినా అంతే, చీపురుపల్లిలో అడిగినా అంతే, మెళియాపుట్టి దాటాక అడిగినా అంతే. ఒకసారి వంగి ఆ తుప్పల మొదళ్లు చూడండి. వాటిలో చాలావరకు చెట్లే. కట్టెలకని నరికితే మొద్దు నుంచి మళ్లీ చిగిర్చి, మళ్లీ నరికించుకుని, మేకల నోట పడి, నడుము ఎత్తు దాటలేకపోయిన తునికి, చిరుమాను, బిల్లుడు చెట్లు అవి. అందుకే కొండ మీద ఫలానా మొక్కలున్నాయని జాబితా రాసుకుంటే పని అయిపోదు. ఏది ఎంత ఉంది, ఏ వాలులో ఉంది, పిల్ల మొక్కా, ముదురు చెట్టా అన్నది కూడా లెక్కకి రావాలి. ఆ లెక్క ఎలా తీయాలో ఇక్కడ చెబుతున్నాను. డిగ్రీ ప్రాజెక్టు చేసే పిల్లలకి, బడిలో సైన్సు చెప్పే మాస్టార్లకి, పంచాయతీలో జీవవైవిధ్య రిజిస్టరు రాయాల్సిన వాళ్లకి పనికొస్తుంది. బాటనీ చదివి ఉండక్కర్లేదు.

ముందు ఒక సందేహం తీర్చుకుందాం. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్ల పైనే వాన పడుతుంది, మరి మనది ఎండు అడవి ఎలా అయింది? వాన ఎంత పడిందన్నదాని కంటే ఎప్పుడు పడిందన్నది ముఖ్యం. మన వాన దాదాపు అంతా జూన్ నుంచి నవంబరు లోపే. నైరుతి వానలు, ఆ వెనకే తుపాన్లు. తర్వాత మే దాకా ఒకటీ అరా జల్లులే. మన కొండలు చాలావరకు ఖోండలైట్ రాయి. వాలు మీద మట్టి జానెడు కూడా లేని చోట్ల పడిన నీరు పడినట్టే గెడ్డలోకి దిగిపోతుంది. మిగిలిన నెలలు గడవాలంటే ఆకు రాల్చుకోవడమే చెట్టుకి దారి.

అనుమతి, జాగ్రత్త

రిజర్వు ఫారెస్టు అయితే అటవీశాఖ రేంజి ఆఫీసులో రాతపూర్వకంగా అడగండి. కాలేజీ లెటర్‌హెడ్ మీద ఉత్తరం ఉంటే పని తేలిక. మొక్కలు కోసి నమూనాలు తీసుకోవాలనుకుంటే ఆ మాట అందులో స్పష్టంగా రాయండి. ఊరి ఉమ్మడి కొండ అయితే పంచాయతీకి చెప్పండి. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థకీ ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి, అది ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు తయారు చేయించాలి. మీ సర్వే ఆ రిజిస్టరుకి పనికొస్తుందంటే ఊళ్లో వాళ్లకీ ఆసక్తి కలుగుతుంది.

ఒంటరిగా వెళ్లకండి. మందస, వజ్రపుకొత్తూరు వైపు ఎలుగుబంట్లు జీడితోటల్లోకి కూడా దిగుతాయి, తెల్లవారుజామున, పొద్దుగూకాక అసలు వద్దు. ఒడిశా సరిహద్దు కొండల్లో ఏనుగుల గుంపు తిరుగుతోందేమో ముందు రోజే ఊళ్లో కనుక్కోండి. మొక్కల్లో రెండిటితో జాగ్రత్త. దూలగొండి కాయల నూగు ఒంటికి తగిలితే ఆ రోజుకి పని ముగిసినట్టే. నల్లజీడి రసం చర్మం మీద పడితే బొబ్బలెక్కుతుంది. ఇది తోటల్లో పెంచే జీడిమామిడి కాదు, అడవి చెట్టు.

ఎప్పుడు వెళ్లాలి

ఒక్క కాలంలో వెళ్తే సగం అడవే కనబడుతుంది. సెప్టెంబరు నుంచి నవంబరు మధ్య గడ్డి, తీగలు, చిన్న మొక్కలు పువ్వుతో, కాయతో ఉంటాయి. సంక్రాంతి దాటాక వాటిలో చాలావరకు ఎండి మాయమవుతాయి. చెట్ల సంగతి దీనికి తిరగబడి ఉంటుంది. ఫిబ్రవరిలో మోదుగ, కొండగోగు మొదలుపెడితే ఇప్ప, బూరుగ, రేల మే దాకా ఒకదాని వెనక ఒకటి, ఎక్కువ భాగం ఆకు లేకుండానే పూస్తాయి. మోదుగకి, కొండగోగుకి ఆకుల అడ్డు లేదు కాబట్టి రోడ్డు మీద నుంచే లెక్కపెట్టొచ్చు. ఎండాకాలంలోనే కాయలు కూడా చూసుకోండి. నల్లమద్ది కాయకి ఐదు రెక్కలు, వేగి కాయ చుట్టూ గుండ్రటి రెక్క, నెమలినార కాయ పల్చటి కాగితం బిళ్లలా ఉంటుంది. ఎండు అడవిలో చాలా చెట్లు వానలకి ముందు వీచే గాలికి విత్తనం అప్పజెబుతాయి. కింద రాలిన కాయ చాలాసార్లు ఆకు కంటే బాగా పేరు చెబుతుంది.

సామాను

ముప్పై మీటర్ల టేపు ఒకటి, దర్జీ టేపు ఒకటి, యాభై మీటర్ల నైలాను తాడు, నాలుగు మేకులు, సుద్దముక్కలు, పాత పేపర్లు, పెన్సిలు. పెన్ను వద్దు, చెమటకి, వానకి రాత చెదిరిపోతుంది. ఫోనులో జీపీఎస్ సరిపోతుంది, సిగ్నల్ లేకున్నా పనిచేస్తుంది.

మొదటి రోజు కొలతలు వద్దు, నడవండి

ఈ పని తొందరపడి దాటేసేది కాదు. కొండ మొదలు నుంచి శిఖరం దాకా ఒక దారిన ఎక్కి, ఇంకో వైపు దిగండి. అడవి మారిన ప్రతి చోటా ఆగి, జీపీఎస్ నొక్కి, నాలుగు మాటలు రాసుకోండి. ఒకే కొండ మీద మూడు నాలుగు రకాల అడవి ఉండటం మన దగ్గర మామూలే. 1968లో చాంపియన్, సేఠ్ అనే ఇద్దరు అటవీ అధికారులు దేశంలోని అడవుల్ని 16 ప్రధాన వర్గాలుగా విడగొట్టారు, ఆ వర్గీకరణ ఇప్పటికీ వాడుకలో ఉంది. దాంట్లో మనకి తగిలేవి నాలుగు: తేమ ఆకురాల్చు అడవి, ఎండు ఆకురాల్చు అడవి, ముళ్ల అడవి, తీరం వైపు ఎండు సతతహరిత అడవి.

కొండ అడుగున సాధారణంగా ముళ్ల తుప్ప ఎదురవుతుంది. రేగు, పరికి, బలుసు, కలివి, బందారు, మధ్యలో సీతాఫలం, రాళ్ల మీద బొంత జెముడు. ఆకు లేని రోజుల్లో కూడా వీటిలో ముళ్లున్నవాటిని ముల్లుని బట్టి పట్టుకోవచ్చు. బలుసుకి కణుపు దగ్గర ఎదురెదురుగా రెండు తిన్నటి ముళ్లు. రేగుకి చాలాసార్లు ఒకటి తిన్నగా, ఒకటి కొక్కెంలా. కలివికి ముల్లుతో పాటు, కొమ్మ గిల్లితే తెల్లటి పాలు. సీతాఫలం మనవాళ్లు ఎంత అడవి పండు అనుకున్నా అది అమెరికా ఖండం నుంచి వచ్చిన చెట్టు. జాబితాలో రాయండి, స్థానిక జాతుల లెక్కలో మాత్రం కలపకండి.

ఇక్కడే చాలామంది తప్పులో కాలేస్తారు. ముళ్లు కనిపించగానే ముళ్ల అడవి అని రాసేస్తారు. నిజంగా మట్టి పల్చనై, చెట్టు నిలవలేక ముళ్ల తుప్పగా మిగిలిన చోట్లు కొన్ని ఉంటాయి. మన ఊళ్ల చుట్టూ ఉన్నవి ఎక్కువగా అలాంటివి కావు, నరికి, కాల్చి, మేపి పాడైపోయిన ఎండు ఆకురాల్చు అడవులు. తేడా తెలియాలంటే మొద్దులు వెతకండి. గడ్డి తప్పించి నేల మట్టంలో చూస్తే పాత గొడ్డలి వేటుతో నల్లబడ్డ మొద్దు, దాని అంచు చుట్టూ వేళ్లంత లావు చిగుర్లు ఐదారు కనిపిస్తాయి. ఒకటి నరికిన చోట పక్కది లేచింది, దాన్ని నరికితే ఇంకోటి. మొద్దు మాత్రం లావవుతూనే ఉంది. నడుము ఎత్తు తుప్ప కింద రెండు చేతుల్లో పట్టనంత మొద్దు ఉందంటే ఆ చెట్టు వయసు మీరనుకున్నది కాదు. అలాంటివి మద్ది, చిరుమాను, తునికి, బిల్లుడు కనిపిస్తుంటే "పాడైన ఎండు ఆకురాల్చు అడవి" అని రాయండి. ఈ ఒక్క మాట మీదే తర్వాత జరగాల్సింది ఆధారపడి ఉంటుంది. మొద్దులు బతికున్న చోట కొత్త మొక్కలు నాటక్కర్లేదు, గొడ్డలినీ గొడ్లనీ కొన్నేళ్లు ఆపితే అదే లేస్తుంది. ఇది తెలియక బతికున్న మొద్దుల మధ్య గోతులు తవ్వి నీలగిరి నాటిన చోట్లు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

మధ్య వాలుకి వచ్చేసరికి అసలు ఎండు అడవి. ఇక్కడ బెరడు చూడటం నేర్చుకోండి. నల్లమద్ది బెరడు మొసలి వీపులా గళ్లు గళ్లుగా లోతుగా పగిలి ఉంటుంది. తునికిదీ నల్లగా పగులుతుంది గానీ పెచ్చులు చిన్నవి, చెట్టూ చిన్నది. చిరుమాను బెరడు నున్నగా, బూడిద తెలుపులో, అక్కడక్కడ పెచ్చు ఊడిన మచ్చలతో ఉంటుంది. దాని ఆకులు రాలేముందు రాగి రంగుకి తిరుగుతాయి. బిల్లుడు బెరడు మెత్తగా బెండులా ఉంటుంది, ఆకు నలిపితే ఘాటు వాసన. వేగికి గాయమైన చోట ఎర్రటి జిగురు కారి గడ్డ కట్టి ఉంటుంది. ఇవి చూడటానికి మీరు చెట్టుని కొట్టక్కర్లేదు, ఎవరో ఒకరు కొట్టిన గాటు ఎక్కడో అక్కడ ఉండనే ఉంటుంది.

తర్వాత గెడ్డ వెంట నడవండి. ఏప్రిల్లో కొండంతా ఎండిపోయినా గెడ్డకి రెండు పక్కలా పచ్చటి గీత కనబడుతుంది: ఏరుమద్ది, నేరేడు, కానుగ, మామిడి. దీన్ని విడిగా రాయండి, వాలు మీది అడవితో కలిపితే లెక్క చెడిపోతుంది. అలాగే ఉత్తరం వైపు వాలు, దక్షిణం వైపు వాలు వేరువేరుగా చూడండి. ఎండ తక్కువ తగిలే ఉత్తరపు వాలులో మట్టి ఇంకొన్నాళ్లు తడిగా ఉంటుంది, ఆ కాస్త తడికే అడవి చిక్కబడుతుంది. చెట్టు నుంచి చెట్టుకి అడ్డతీగ అల్లుకుని ఉంటే, వెదురు పొదలు మొదలైతే తేమ ఆకురాల్చు అడవి దగ్గర పడ్డట్టే. మహేంద్రగిరి వాలుల వైపు, ఒడిశా సరిహద్దు కొండల వైపు వెళ్తే ఇలాంటి చోట్లు ఎక్కువ. గుగ్గిలం, అంటే సాల చెట్టు, కనిపిస్తే తప్పకుండా ఫొటో తీసి, చోటు రాసుకోండి. తూర్పు కనుమల్లో సాల అడవులకి దక్షిణపు అంచు మన ఉత్తరాంధ్ర కొండలే. అంచున ఉన్న చెట్టు ఎక్కడిదాకా ఉందో రాయడం అడవి మధ్యలోని చెట్టుని రాయడం కంటే విలువైన సమాచారం.

పైన, రాతి పరుపుల మీద తపసి చెట్టు వెతకండి. తెల్లటి బెరడు, కాగితంలా పొరలు ఊడుతుంది, వేసవిలో కొండ కింద నుంచే మెరుస్తూ కనిపిస్తుంది. బంక కోసం గాట్లు పెట్టారా, గాటు ఎంత లోతు, మానిందా అన్నది కూడా రాయండి.

మైదానంలో అమ్మవారి గుడుల చుట్టూ ముట్టుకోకుండా వదిలేసిన చెట్ల గుంపుల్ని మర్చిపోవద్దు. సముద్రం వైపు ఊళ్లలో పాల చెట్టు, అల్లి లాంటి ఏడాది పొడుగునా ఆకు నిలిచేవి వాటిలో ఉంటే అది ఎండు సతతహరిత అడవి ఆనవాలు. పది సెంట్ల స్థలమైనా దాని జాబితా దానిదే. జీడి, సరుగుడు, నీలగిరి తోటలు ఎంత దట్టంగా ఉన్నా అడవి కాదు, "తోట" అని విడిగా రాయండి.

గళ్లు కొట్టడం

ఇప్పుడు కొలత. ఒక్కో రకం అడవిలో 10 మీటర్లకి 10 మీటర్ల గళ్లు వేసి అందులో చెట్లు లెక్కిస్తాం. ప్రతి గడి లోపల ఒక మూలన 5×5 మీటర్లలో పొదలు, 1×1 మీటరులో గడ్డి, చిన్న మొక్కలు. గడి చతురస్రంగా వచ్చిందో లేదో ఐమూలగా కొలిస్తే తెలుస్తుంది: 14 మీటర్ల 14 సెంటీమీటర్లు రావాలి. వాలు మీద టేపుని నేలకి ఆనించకుండా మట్టంగా పట్టుకోండి, లేకపోతే గడి వైశాల్యం తప్పు వస్తుంది.

గడి ఎక్కడ వేయాలో మీ కంటికి వదలొద్దు. కన్ను ఎప్పుడూ మంచి చెట్టు వైపే లాగుతుంది, నీడ వైపే లాగుతుంది. కొండ అడ్డంగా ప్రతి యాభై మీటర్లకీ ఒకటి అని ముందే నిర్ణయించుకుని, అక్కడ కంప ఉన్నా బండ ఉన్నా అక్కడే వేయండి. ఎన్ని వేయాలి? ప్రతి గడిలో కొత్తగా ఎన్ని జాతులు దొరికాయో గ్రాఫు గీస్తూ పోండి. మూడు నాలుగు గళ్లు వరసగా కొత్త జాతి లేకుండా పోతే ఆ రకం అడవికి ఆపొచ్చు.

చుట్టుకొలత

చెట్టు చుట్టుకొలతని మన దేశంలో నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తున తీస్తారు. ఒక కర్ర మీద ఆ ఎత్తుకి గుర్తు పెట్టుకుంటే ప్రతిసారీ కొలవక్కర్లేదు. వాలు మీద కర్రని చెట్టుకి ఎగువ వైపు నిలబెట్టాలి. 30 సెంటీమీటర్లు, ఆ పైన ఉంటే చెట్టు. 10 నుంచి 30 మధ్య ఎదిగే మొక్క. అంతకన్నా తక్కువైతే పిల్ల మొక్కల వరసలో రాయండి.

మన కొండల్లో చిక్కంతా చిగుళ్ల దగ్గరే. ఒకే మొద్దు నుంచి నాలుగు కాండాలు లేస్తే నాలుగూ విడివిడిగా కొలిచి, నాలుగింటికీ ఒకే నంబరు ఇచ్చి క, ఖ, గ, ఘ అని గుర్తు పెట్టండి. చెట్టు ఒకటే, కాండాలు నాలుగు. ఇవి కలగాపులగమైతే నరికేసిన కొండ మంచి అడవి కంటే దట్టంగా తేలుతుంది! 1.37 మీటర్ల ఎత్తుకి రాని చిగుర్లని వదిలేయకుండా మొద్దుల లెక్కలో రాయండి.

ప్రతి గడికీ చివర్లో మరో నాలుగు విషయాలు: నిప్పు, గొడ్డలి, మేత, గాలి. మొదలు దగ్గర బెరడు నల్లగా కాలి ఉందా? ఇప్పపువ్వు ఏరడానికి నేల శుభ్రంగా ఉండాలని, బీడీ ఆకు లేత చిగుళ్లు రావాలని వేసవిలో నిప్పు పెట్టే అలవాటు ఉంది. తాజాగా నరికిన మొద్దులు ఎన్ని? చెట్లన్నీ ఒకే లావున ఉండి మధ్యలో ముదురు ఇప్ప, మామిడి, చింత మాత్రం మిగిలి ఉన్నాయంటే అది పాత పోడు అయి ఉండొచ్చు, ఊళ్లో అడిగి నిర్ధారించుకోండి. వేళ్లతో సహా పెకలించుకుని పడితే గాలి పని. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల్ని కూల్చేసింది. అలా కప్పు తెరుచుకుని ఎండ నేరుగా పడిన చోట ముందు లేచేది లాంటానా, దాంతో పాటు మరికొన్ని కలుపు మొక్కలు. లాంటానా గడిలో ఎంత భాగం కప్పిందో శాతంలో రాసుకోండి.

పేర్లు

కొండ తెలిసిన పెద్దాయన్ని ఒకరిని వెంట తీసుకెళ్లండి, ఆ రోజు కూలి ఇచ్చి మరీ తీసుకెళ్లండి. గొర్రెలు మేపేవాళ్లు, సవర, జాతాపు గూడేల్లో దుంపలకీ ఆకులకీ తిరిగేవాళ్లు దీనికి తగినవాళ్లు. "ఇదేటి తాతా?" అని మాత్రమే అడగండి. "ఇది మద్దే కదా?" అంటే మొహమాటానికి ఔనంటారు. దేనికి వాడతారో కూడా అడిగి, చెప్పిన మాటల్లోనే రాసుకోండి. పాలు వచ్చే చాలా చెట్లకి "పాల"తో పేర్లున్నాయి కాబట్టి ఊళ్లో పిలిచే పేరు ఒక్కటే రాసి ఊరుకోవద్దు. ఫొటో, ఆకు, నంబరు మూడూ ఉండాలి.

శాస్త్రీయ నామం వెతికేటప్పుడు చాలా పేర్ల చివర రాక్స్‌బరో అనే పేరు తగులుతుంది, ఆ మొక్కలకి శాస్త్రీయ నామం పెట్టిన వృక్షశాస్త్రవేత్త పేరు అది. తునికి, వేగి, తపసి, మూడింటికీ ఉంటుంది. ఆయన 1781 నుంచి సామర్లకోటలో పనిచేస్తూ ఉత్తర సర్కారు జిల్లాల మొక్కలు పరిశీలించి, 1793లో కలకత్తా తోటకి వెళ్లారు. ఫోను యాప్ చెప్పే పేరుని సూచనగా మాత్రమే తీసుకోండి. ఎండు అడవి చెట్ల విషయంలో, అందులోనూ ఆకు మాత్రమే ఉన్న ఫొటోతో, అది ధీమాగా తప్పు చెబుతుంది.

నమూనా తీసేటప్పుడు పువ్వో కాయో ఉన్న కొమ్మే తీయండి. పాత పేపర్ల మధ్య పెట్టి బరువు పెట్టి, పేపరు రోజూ మార్చాలి, వానాకాలంలో అయితే పూటకోసారి. ఆరాక 42×28 సెంటీమీటర్ల అట్ట మీద కుట్టి తేదీ, ఊరు, మండలం, పువ్వు రంగు, ఊళ్లో పిలిచే పేరు రాయాలి. పువ్వు రంగు ముఖ్యం, ఎండాక పోతుంది. తేలని వాటిని విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం బాటనీ విభాగంలోనో, హైదరాబాదులోని భారతీయ వృక్ష సర్వేక్షణ సంస్థ దక్కన్ కేంద్రంలోనో చూపించుకోవచ్చు.

లెక్క

ఉదాహరణకి 20 గళ్లు వేశారు, అంటే 2000 చదరపు మీటర్లు, హెక్టారులో ఐదో వంతు. వాటిలో తునికి 46 చెట్లు దొరికాయనుకుందాం. హెక్టారుకి 230. 20 గళ్లలో 14 గళ్లలో కనిపిస్తే దాని వ్యాప్తి 70 శాతం. కాండం వైశాల్యానికి చుట్టుకొలతని దానితోనే గుణించి 12.57తో భాగించాలి. 63 సెంటీమీటర్ల చెట్టుకి సుమారు 316 చదరపు సెంటీమీటర్లు వస్తుంది. ఈ మూడింటినీ మొత్తం అడవిలో ఎంత శాతమో చూసి కూడితే ఆ జాతి ప్రాధాన్య విలువ. అన్ని జాతులవీ కలిపితే 300 రావాలి, రాకపోతే ఎక్కడో కూడిక తప్పింది.

వైవిధ్యానికి షానన్ సూచిక వాడతారు. ఎన్ని జాతులున్నాయన్నదే కాదు, అవి ఎంత సమానంగా ఉన్నాయన్నది కూడా చెప్పే అంకె అది. రెండు వాలుల్లో చెరో వంద చెట్లు, చెరో పది జాతులు ఉన్నాయనుకోండి. ఒక వాలులో ప్రతి జాతీ పదేసి, రెండో వాలులో ఒకటే 91, మిగతావి ఒక్కొక్కటి. జాబితా చూస్తే రెండూ సమానమే. సూచిక మొదటిదానికి 2.30 వస్తుంది, రెండోదానికి 0.50. ఎక్సెల్‌లో ఐదు నిమిషాల పని.

నేను మాత్రం వీటన్నిటికంటే ముందు చుట్టుకొలతల పట్టిక చూస్తాను. ఒక జాతికి పెద్ద చెట్లున్నాయి, పిల్ల మొక్కలు లేవంటే మేతో నిప్పో వాటిని తినేస్తోంది. పిల్ల మొక్కలు, మొద్దులు బోలెడున్నాయి, 30 సెంటీమీటర్లు దాటినవి లేవంటే కొండకి గొడ్డలి పోటు ఆగలేదు. రెండూ ఉంటే అడవి తన పని తాను చేసుకుపోతోంది.

ఆ తర్వాత

ప్రతి గడి మూలనా ఒక రాయికి రంగు వేసి, జీపీఎస్ రాసి ఉంచండి. ఐదేళ్లకి అవే గళ్లు మళ్లీ కొలిస్తేనే మొదటి కొలతకి పూర్తి ఫలితం. కాపీ ఒకటి పంచాయతీ రిజిస్టరుకి, ఒకటి కాలేజీకి, ఒకటి వెంట తిరిగిన పెద్దాయన ఇంటికి, తెలుగులో, ఆయన చెప్పిన పేర్లతో. సర్పగంధ లాంటి మందు మొక్కలు దొరికిన చోట్లు మాత్రం వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. వాటిని వేళ్లతో సహా తవ్వుకుపోయే వాళ్లు కూడా ఆ గ్రూపుల్లోనే ఉంటారు. మండలం పేరు రాసి ఊరుకోండి, కచ్చితమైన చోటు మీ నోటుపుస్తకంలో ఉంటే చాలు.